రాత్రి రెండు గంటలకు లేచిన మనిషి

మొన్న శనివారం సాయంత్రం జపమాల ముగిశాక మా విచారణలోని పదిపన్నెండు కుటుంబాల వాళ్ళం గుడి అరుగు మీద కాసేపు కూర్చున్నాం. మాటలు ఎప్పటిలాగే పిల్లల చదువుల మీదికి, ఉద్యోగాల మీదికి మళ్ళాయి. ఇంజినీరింగు ముగించి కంపెనీల చుట్టూ తిరుగుతున్న కుర్రవాడొకడు తాను చదివిన సంగతి ఒకటి చెప్పాడు. తైవాన్‌లో కంప్యూటరు చిప్పులు తయారుచేసే పెద్ద కంపెనీని స్థాపించిన మోరిస్ చాంగ్ అనే వృద్ధుడు 2023 అక్టోబరులో అమెరికాలో, తాను చదువుకున్న ఎంఐటీ అనే విద్యాసంస్థలో ప్రసంగించాడట. యంత్రం రాత్రి ఒంటిగంటకు ఆగిపోతే అమెరికాలో మర్నాడు పొద్దున బాగుచేస్తారు, తైవాన్‌లో రెండు గంటలకల్లా బాగుచేస్తారు అన్నాడట. నిద్రలో ఉన్న ఇంజినీరుకు ఫోను వస్తుంది. లేచి బట్టలు వేసుకుంటాడు. ఏమిటని భార్య అడుగుతుంది. ఫ్యాక్టరీకి పోవాలంటాడు. ఆమె మారు మాట్లాడకుండా మళ్ళీ నిద్రపోతుంది. ఇదీ మా పని సంస్కృతి అని ఆయన సారాంశం.

మగవాళ్ళం చాలామందిమి తలలూపాం. "క్రమశిక్షణంటే అదీ" అన్నారు ఒకరు. నేనూ అలాంటి మాటే అనబోతున్నాను. ఇంతలో వెనకవైపు పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చున్న ఒకమ్మ అడిగింది. ఆమె భర్త కరెంటు లైన్‌మన్. "ఆవిడ మళ్ళీ నిద్రపోయిందని ఆయనకెవరు చెప్పారు మాస్టారూ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ వారం ఈ శీర్షికకు వేరే విషయం రాయాలనుకున్నాను. అది పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

ముందుగా ఆ పెద్దాయనకు న్యాయం చెయ్యాలి. మోరిస్ చాంగ్ 1931లో చైనాలో పుట్టాడు. యుద్ధాల మధ్య పెరిగి అమెరికా చేరాడు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో చాలా ఏళ్ళు పనిచేసి, యాభై దాటిన వయసులో తైవాన్ వెళ్ళి 1987లో టీఎస్ఎంసీ అనే కంపెనీ పెట్టాడు. తన పేరుతో ఒక్క చిప్పూ అమ్మకుండా, ఇతరులు గీసి ఇచ్చిన నమూనా ప్రకారం తయారుచేసి ఇవ్వడమే ఆ కంపెనీ పని. మన ఊళ్ళో దర్జీ పని లాంటిది. గుడ్డ మీది, కుట్టు అతనిది. ఈ రోజు ప్రపంచంలో అత్యంత సూక్ష్మమైన చిప్పుల్లో అధికభాగం ఆ దర్జీ కొట్లోనే తయారవుతున్నాయి. తైవాన్ ప్రజలు ఆ కంపెనీని దేశాన్ని కాపాడే పవిత్ర పర్వతమని పిలుచుకుంటారు. పక్కనే ఉన్న చైనా ఆ ద్వీపం తనదేనంటున్నది. ప్రపంచానికి తమ చిప్పులు అవసరమైనంత కాలం తమను ఎవరూ అంత తేలిగ్గా ముట్టుకోరని వాళ్ళ ఆశ. ఈ పర్వతం మాట గుర్తుంచుకోండి, తరువాత పనికి వస్తుంది.

యంత్రం ఆగితే అంత కంగారెందుకు? పన్నెండు అంగుళాల సిలికాన్ పళ్ళెం చిప్పులుగా మారాలంటే వెయ్యికి పైగా దశలు దాటాలి, సుమారు మూడు నెలలు పడుతుంది. గదిలో దుమ్ము కణం కూడా ఉండకూడదు. అందుకే పనివాళ్ళు తల నుంచి కాలిదాకా తెల్లని తొడుగు వేసుకుని లోపలికి పోతారు. కాంతితో గీతలు గీసే కొత్తరకం యంత్రాలను హాలండ్‌లోని ఒకే ఒక్క కంపెనీ తయారుచేస్తుంది, ఒక్కొక్కటి పదిహేను కోట్ల డాలర్లకు పైమాట. అంత ఖరీదైన యంత్రం గంటసేపు ఊరికే ఉంటే పోయేది చిన్న మొత్తం కాదు. 2024 ఏప్రిల్ 3న తైవాన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. పది గంటల్లోపే డెబ్భై శాతానికి పైగా యంత్రాలు మళ్ళీ పనిలోకి వచ్చాయని కంపెనీ ప్రకటించింది. ఆ పది గంటల్లో ఎంతమంది తమ ఇంటి గోడలు చూసుకోకుండా ఫ్యాక్టరీకి పరుగెత్తారో ఊహించండి.

ఇటువంటి కంపెనీ తన ఊరు దాటి అమెరికా వెళ్ళింది. ఆరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ నగరానికి ఉత్తరాన ఎడారిలో ఫ్యాక్టరీ కడతామని 2020 మేలో ప్రకటించింది. అప్పుడు చెప్పిన పెట్టుబడి 1,200 కోట్ల డాలర్లు. 2021లో పని మొదలైంది. 2022 డిసెంబరులో అధ్యక్షుడు బైడెన్ స్వయంగా వచ్చి చూశాడు, పెట్టుబడి 4,000 కోట్లకు పెరిగింది. 2025 మార్చికి ఆ లెక్క 16,500 కోట్లయింది. అమెరికా ప్రభుత్వం 2022లో చేసిన చిప్పుల చట్టం కింద 660 కోట్ల డాలర్ల సహాయం మంజూరు చేసింది. డబ్బుకు లోటు లేదు. ఇబ్బంది వచ్చింది మనుషులతోనే.

2024లో చిప్పుల ఉత్పత్తి మొదలు కావలసి ఉంది. 2023 జులైలో కంపెనీ అధ్యక్షుడు మార్క్ లియూ, యంత్రాలు అమర్చడం తెలిసిన నిపుణులు అక్కడ చాలినంతమంది లేరు, ఏడాది ఆలస్యమవుతుంది, తైవాన్ నుంచి పనివాళ్ళను రప్పిస్తాం అన్నాడు. ఆ మాట ఫీనిక్స్‌లో నిప్పు రాజేసింది. అక్కడి పైపుల పనివారి సంఘం, సుమారు అయిదువందల మంది తైవాన్ పనివారికి వీసాలు ఇవ్వవద్దని సంతకాలు సేకరించింది. మాకు పని రాదనడం అబద్ధం, చవగ్గా బయటివాళ్ళను తెచ్చుకోవడానికి ఇది సాకు అన్నారు వాళ్ళు. అందులో కొంత నిజమూ ఉంది. ఆరిజోనాకు చిప్పులు కొత్త కాదు. మోటరోలా 1950లలోనే అక్కడ ఉంది. ఇంటెల్ 1980 నుంచీ చాండ్లర్‌లో ఉంది, మన తెలుగు పిల్లలూ అక్కడ పనిచేస్తున్నారు. కాని ఇంత సూక్ష్మమైన రకం యంత్రాలు అమర్చిన అనుభవం తైవాన్ వారికే ఎక్కువన్నదీ నిజమే. రెండు నిజాలు ఎదురెదురుగా నిలబడితే మనిషి సాధారణంగా తనకు నచ్చిన దాన్నే ఎత్తుకుంటాడు.

ఆ వేసవిలోనే ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు ఎండ 43 డిగ్రీల సెంటీగ్రేడు దాటింది. మన రెంటచింతల ఎండ ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ఆ ఎండలో వేలాదిమంది ఆ స్థలంలో ఇనుము మోశారు, పైపులు అతికారు. 2024 మేలో అక్కడ వ్యర్థాలు తీసుకుపోయే లారీ దగ్గర పేలుడు జరిగి దాని డ్రైవరు చనిపోయాడు. పెట్టుబడి లెక్కలు చెప్పేటప్పుడు ఈ లెక్క కూడా చెప్పాలని నాకు అనిపిస్తుంది.

ఇక లోపల ఇంజినీర్ల సంగతి. కంపెనీ వందలమంది అమెరికన్ యువకులను ఉద్యోగంలోకి తీసుకుని తైవాన్‌లోని తైనాన్‌కు శిక్షణకు పంపింది, ఏడాది పైన. రాతపత్రాలు చైనా భాషలో ఉన్నాయని, ఫోనులో అనువాదం పెట్టుకుని చదువుకోవలసి వచ్చిందని, పైఅధికారి నలుగురి ముందు కేకలు వేసేవాడని, పని లేకపోయినా పెద్దవాళ్ళు లేచేదాకా కుర్చీ వదలకూడదన్నట్టు ఉండేదని వాళ్ళలో కొందరు తరువాత పత్రికలకు చెప్పుకున్నారు. తైవాన్ ఇంజినీర్లు చెప్పుకున్నది మరొకటి: వీళ్ళు గడియారం చూసి లేచిపోతారు, మిగిలిన పని మా నెత్తిన పడుతుంది. ఆ వచ్చినవాళ్ళూ పెళ్ళాం పిల్లలను తీసుకుని తెలియని ఎడారికి వచ్చినవాళ్ళే. పిల్లలు పరాయి భాషలో బడికి పోవాలి. ఊళ్ళోనేమో మీరు మా ఉద్యోగాలు లాక్కోవడానికి వచ్చారన్న మాట వినాలి. 2024 ఆగస్టు నాటికి ఆరిజోనాలోని రెండువేల పైచిలుకు ఉద్యోగుల్లో సుమారు సగం మంది తైవాన్ వారే. అదే ఏడాది, తైవాన్, చైనా మూలాల వారికే ప్రాధాన్యం ఇస్తున్నారంటూ కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టులో దావా పడింది. అవి ఆరోపణలు, తేల్చవలసింది న్యాయస్థానం. మనం తీర్పు చెప్పకూడదు.

2023లోనే మార్క్ లియూ ఇంకో మాట అన్నాడు. షిఫ్టుల్లో పనిచెయ్యడం ఇష్టం లేనివాళ్ళు ఈ పరిశ్రమలోకి రావద్దు, ఇది జీతం కోసమే చేసే పని కాదు, మక్కువ ఉండాలి అని. ఈ మాటలో సగం నాకు ఒప్పుదల. రాత్రి డ్యూటీ చెయ్యలేనంటే నర్సు కాలేదు, రైల్వేలో చేరలేదు. తన వంతు రాత్రి వచ్చినప్పుడు మొహం చాటేసేవాణ్ణి ఏ సంఘమూ సమర్థించకూడదు. కాని షిఫ్టు వేరు, ఒంటిగంట ఫోను వేరు. షిఫ్టుకు మొదలూ చివరా ఉంటాయి. నా వంతు అయ్యాక నీ వంతు. ఒంటిగంట ఫోనుకు ఆ హద్దు లేదు. అది మోగని రాత్రి కూడా మోగవచ్చునన్న దిగులు మంచం పక్కనే ఉంటుంది.

ఇరవైనాలుగు గంటలూ నడిచే ఫ్యాక్టరీలో రాత్రి కాపలాకు ఒక మనిషిని పెట్టుకుంటే, నిద్రపోయేవాణ్ణి లేపవలసిన పని చాలా రాత్రులు ఉండదు. అతి కొద్దిమందికే తెలిసిన పనులు కొన్ని ఉంటాయి, వాళ్ళను లేపక తప్పదు, కాదనను. అటువంటప్పుడు లేచిన మనిషిని మెచ్చుకోవాలి. కాని అదే పద్ధతిగా మారితే, మనం క్రమశిక్షణ అని మెచ్చుకుంటున్నదానిలో కొంత భాగం ఆదా చేసిన ఒక జీతమేమో అని ఆలోచించాలి. తైవాన్‌లోనే మితిమీరిన పనికి ఒక నుడికారం ఉంది, కాలేయం పేలిపోవడం అంటారు. అంత సంతోషంగా లేస్తున్నవాళ్ళయితే ఆ నుడి పుట్టేది కాదు.

పాఠకులు ఒక ప్రశ్న వేస్తారు, వెయ్యాలి కూడా. అర్ధరాత్రి లేవడం మన ఇళ్ళలో లేదా? అవస్థలో ఉన్న రోగికి అభ్యంగనం ఇవ్వమని తలుపు కొడితే గురువులు లేవరా? మన ఆస్పత్రుల సిస్టర్లు లేవరా? తుఫాను రాత్రి స్తంభం ఎక్కే లైన్‌మన్ లేడా? ఉన్నారు. వాళ్ళ త్యాగం మంచిదై, ఆ ఇంజినీరుది ఎందుకు కాకుండా పోతుంది?

నాకు తోచింది చెబుతాను. నర్సు లేచినప్పుడు అవతల ఒక ముఖం ఉంటుంది. లైన్‌మన్ లేచినప్పుడు అవతల చీకట్లో ఒక ఊరు ఉంటుంది. ఇంజినీరు లేచినప్పుడు అవతల ఉన్నది సిలికాన్ పళ్ళెం. ఆ చిప్పు ఆస్పత్రి యంత్రంలోకి పోవచ్చు గదా అంటారు. పోవచ్చు. నిజాయితీగా చెప్పుకుంటే ఆ రాత్రి ఆగింది చాలావరకు మన చేతుల్లో ఉన్న ఫోను వంటి దాని కోసమే, అదీ ఒక రోజు ఆలస్యంగా వస్తే ప్రాణం పోదు. అయితే తైవాన్ ఇంజినీరుకు అవతల ఇంకొకటి కూడా ఉంది, ఇందాక చెప్పిన ఆ పర్వతం. తాను లేవకపోతే తన దేశానికి ఉన్న గోడలో ఒక రాయి సడలుతుందని అతను నమ్ముతాడు. పైగా లాభాల్లో మంచి వాటా వస్తుంది, సమాజంలో గౌరవం ఉంది. అతని లేవడానికి ఒక అర్థం ఉంది. ఫీనిక్స్ కుర్రవాడికి ఆ పర్వతం లేదు. కంపెనీ తన అలవాటును ఓడలో ఎక్కించి తెచ్చుకోగలిగింది. ఆ అలవాటుకు ప్రాణం పోసిన అర్థాన్ని మాత్రం తేలేకపోయింది.

అలాగే గడియారం చూసి లేచిన అమెరికన్‌కూ ఒక అర్థం ఉంది. రోజుకు ఎనిమిది గంటల పని కోసం 1886లో చికాగోలో కార్మికులు రోడ్డెక్కారు, రక్తం చిందింది, కొందరు ఉరికంబం ఎక్కారు. మే ఒకటో తేదీ అక్కడినుంచే వచ్చింది. 1955లో పన్నెండవ పయస్ జగద్గురువులు ఆ తేదీనే కార్మికుడైన యోసేపుగారి పండుగగా నిర్ణయించారు. అందువల్ల ఫీనిక్స్ పైపుల పనివాడు సమయానికి ఇంటికి పోవడం అతని దృష్టిలో బద్ధకం కాదు. తాతలు గెలిచి ఇచ్చిన ఆస్తి. తైవాన్ మేనేజరుకు అది కనపడదు, ఖాళీ కుర్చీ కనపడుతుంది.

రెండవ జాన్ పౌలు జగద్గురువులు 1981లో మానవుని పనిని గురించి రాసిన విశ్వలేఖలో, పని విలువను తయారైన వస్తువును బట్టి కాక చేసే మనిషిని బట్టి కొలవాలని బోధించారు. ఎన్నోసార్లు ప్రసంగాల్లో విన్నాం. కాని ఈ కొలతను ఫ్యాక్టరీలో ఎలా వాడాలి? నాకు తెలిసినంతలో, లేపేముందు అడగడంతో మొదలవుతుంది. రానని చెబితే పోయేది ఆ రాత్రి కూలీ మాత్రమేనా, ఉద్యోగమా, పరువా? రానని చెప్పే వీలు ఉండి కూడా లేచినవాడిది త్యాగం. వీలు లేక లేచినవాడిది వేరే పేరు. చాంగ్ కథలో ఇంజినీరునైనా ఫోను చేసి పిలిచారు. భార్యను అదీ లేదు. ఆమె మౌనాన్ని సమ్మతిగా రాసుకున్నారు.

జాతుల స్వభావం మీదికి తోసేసే తొందర కూడా ఒకటుంది. అదే కంపెనీ జపానులోని కుమమోతోలో 2022 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టి 2024 ఫిబ్రవరి 24న ప్రారంభోత్సవం చేసింది. రాత్రింబవళ్ళు కట్టారు. చూడండి జపాను వాళ్ళు, చూడండి అమెరికా వాళ్ళు అని వెంటనే అనేశారు. కాని కుమమోతోలో కట్టింది పాతతరం చిప్పుల ఫ్యాక్టరీ. సోనీ ఫ్యాక్టరీ పక్కనే ఉంది, సామాను అందించే కంపెనీలు చుట్టూ ఉన్నాయి, ప్రభుత్వం వెంటనే డబ్బు ఇచ్చింది. బద్ధకస్తులూ కష్టజీవులూ అని దేశాలకు పేర్లు పెట్టడం తేలిక. 2024లో తైవాన్ కార్మిక మంత్రిణి మన దేశం నుంచి పనివాళ్ళను తీసుకునే ఒప్పందం గురించి మాట్లాడుతూ, ముందుగా ఈశాన్య రాష్ట్రాల వాళ్ళను తీసుకోవచ్చు, వాళ్ళ చర్మం రంగూ తిండీ మనకు దగ్గర, చాలామంది క్రైస్తవులు కూడా అన్నది. విమర్శలు రాగానే క్షమాపణ చెప్పింది. క్రైస్తవులన్న మాట విని మనలో ఎవరికైనా లోలోపల సంతోషం కలిగితే, ముందున్న రంగు మాటను మళ్ళీ ఒకసారి చదువుకోవాలి. పనివాణ్ణి చేతిని బట్టి కాక చర్మాన్ని బట్టి, గుడిని బట్టి ఎంచడం ఎవరికి అనుకూలంగా ఉన్నా తప్పే.

ఆరిజోనాలో కథ ఎక్కడికి వచ్చిందంటారా? 2023 డిసెంబరులో కంపెనీ, నిర్మాణ కార్మిక సంఘాల మండలి ఒప్పందానికి వచ్చాయి. స్థానికులకు శిక్షణ, భద్రత విషయంలో కలిసి పనిచెయ్యడం, ప్రత్యేక అనుభవం కావలసిన చోట బయటివారు. మీటింగులు తగ్గించారనీ, కేకలు వెయ్యకుండా మాట్లాడడం గురించి మేనేజర్లకు తరగతులు పెట్టారనీ వార్తలు వచ్చాయి. 2024 చివరికి చిప్పులు బయటికి వచ్చాయి. నాణ్యతలో తైవాన్ ఫ్యాక్టరీలతో సమానంగా ఉన్నాయని 2025 జనవరిలో కంపెనీయే చెప్పింది. చేతకాదన్న మాట అలా తేలింది. అయితే ఎంతమంది రాత్రులు అందులో కరిగాయో ఆ ప్రకటనలో లేదు.

ఇదంతా మనకెందుకు అనకండి. గుజరాత్‌లోని ధోలేరాలో టాటా వారు మరో తైవాన్ కంపెనీ సాంకేతిక సహాయంతో ఫ్యాక్టరీకి 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. మన ఆంధ్రప్రదేశ్‌లో కొరియా కంపెనీ సహకారంతో చిప్పులకు తొడుగులు వేసే ఫ్యాక్టరీకి 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం అనుమతి ఇచ్చింది. పెనుకొండ దగ్గర కొరియా కార్ల ఫ్యాక్టరీ 2019 నుంచీ నడుస్తోంది. గుడి అరుగు మీద ఆ కథ చెప్పిన కుర్రవాడికి రేపు ఇటువంటి చోటే ఉద్యోగం రావచ్చు. రావాలనే నేను కోరుకుంటున్నాను. వాడి తల్లి రెండేళ్ళుగా నొవేనాలు చెబుతోంది. ఆ ఉద్యోగంలో చేరే రోజున వాడు జీతం ఎంతని అడుగుతాడు, మనమూ అడుగుతాం. రాత్రి ఫోను ఎవరికి వస్తుంది, వంతులున్నాయా, రానంటే ఏమవుతుందని కూడా వాడు అడగాలి. అడిగేటప్పుడు మనం వాడి మోచేయి పొడిచి ఊరుకోమనకూడదు.

మర్నాడు ఆదివారం పూజ అయ్యాక ఆ లైన్‌మన్ భార్య కనబడింది. మీ ఆయన రాత్రి వెళ్ళినప్పుడు నువ్వేం చేస్తావమ్మా అని అడిగాను. ఇదివరకు ఆ పనికి ఇద్దరుండేవారట, ఇప్పుడు ఆయనొక్కడేనట. "దీపం ఆర్పేసి పడుకుంటానండీ" అంది. "నిద్ర పడుతుందా?" అన్నాను. "మీ కరెంటు వచ్చేస్తుంది గదండీ మాస్టారూ, మీకు పడుతుంది. నాకు బండి చప్పుడు వినబడాలి" అని, పిల్లను భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.